రాత్రి లారీ తోలే మా తమ్ముడికి నిద్ర రాకుండా ఉండాలంటే ఏం తినమనాలి?

చెల్లెమ్మా, మీ తమ్ముడు కొత్తగా లారీ లైన్లోకి వెళ్ళాడని, రాత్రి రెండు దాటితే కళ్ళు మూతపడుతున్నాయని రాశారు. చదవగానే భయమేసింది, అందుకే వివరంగా చెబుతున్నాను. నేను కైకలూరు నుంచి హౌరాకి 14 ఏళ్ళు చేపల లోడు తోలాను. ఐస్ కరిగేలోపు చేరాలి కాబట్టి ఆ లైన్లో రాత్రి, పగలు అన్న తేడా ఉండదు.

ముందు ఒకటి చెప్పాలి. నిద్రను ఆపే తిండి ఏదీ లేదు. నిద్రను తొందరగా తెచ్చే తిండి మాత్రం ఉంది. మొదట్లో నాకు అది తెలియలేదు. ఒకసారి శ్రీకాకుళం దాటాక రాత్రి పదకొండింటికి దాబాలో ఆపి, పొద్దున్నుంచి సరిగా తినలేదని మటన్ బిర్యానీ కడుపునిండా తిన్నాను. పైన కూల్ డ్రింక్. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్ళాక, రెండున్నర ప్రాంతంలో, క్లీనర్ నా భుజం పట్టి కుదుపుతూ అరిచాడు. కళ్ళు తెరిచేసరికి డివైడర్ పక్కనే ఉంది. నేను నిద్రపోయానని నాకే తెలియదు. బండి పక్కన ఆపి చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

రాత్రి రెండు నుంచి ఐదు దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, ఏ మనిషికైనా ఒళ్ళు మందగిస్తుంది. ఆ వేళకి ముందు కడుపునిండా అన్నం, నూనె, మాంసం పడితే మత్తు రెట్టింపవుతుంది. అందుకని రాత్రి భోజనం ఎనిమిదిలోపే ముగించమనండి. రెండు మూడు రొట్టెలు, పప్పు, రెండు ఉడికించిన గుడ్లు చాలు. అన్నమే కావాలనిపిస్తే కొంచెం పెట్టుకుని కూర, పప్పు ఎక్కువ వేసుకోవాలి. పెరుగన్నం నాకు చాలా ఇష్టం, కానీ దాన్ని బండి ఆపి పడుకునే ముందుకే ఉంచుకునేవాణ్ణి. అర్ధరాత్రి తర్వాత ఆకలేస్తే గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళో, పుట్నాలో, ఒక అరటిపండో తినేవాణ్ణి. బిస్కెట్లు, మిఠాయిలు తింటే కాసేపు హుషారొచ్చి తర్వాత ఇంకా నీరసం కమ్మేది.

దాబాల్లో నూనె తగ్గించమని చెప్పి ప్రయోజనం లేదు. అందుకే మేం చిన్న గ్యాస్ స్టవ్, కుక్కర్ పెట్టుకుని బండి ఆపినచోట వండుకునేవాళ్ళం. టమాటా పప్పు, గుడ్డు పులుసు, పొద్దున్నే రాగి జావ. క్లీనర్‌కి వంట వస్తే ఆ ట్రిప్పంతా ఒళ్ళు తేలిగ్గా ఉండేది.

నీళ్ళ సంగతి ఎవరూ చెప్పరు. పదేపదే బండి ఆపాల్సి వస్తుందని మాలో చాలామంది నీళ్ళు తాగడం మానేస్తారు. ఒంట్లో నీరు తగ్గితే తలనొప్పి, చికాకు వస్తాయి, ధ్యాస తప్పుతుంది. ఎండాకాలం క్యాబిన్ కింద ఇంజన్ వేడి, పైన ఎండ. పగలు ఉప్పు వేసిన మజ్జిగ, ఎప్పుడూ చేతికందేలా నీళ్ళ సీసా ఉండాలి.

టీ మంచిదే, కానీ వేళ చూసుకోవాలి. తాగాక పనిచేయడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. అందుకే నేను కళ్ళు బరువెక్కగానే బండి పెట్రోల్ బంకులోనో, లే-బైలోనో (రోడ్డు పక్కన లారీలు ఆపుకునే చోటు) ఆపి, టీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు పడుకునేవాణ్ణి. లేచేసరికి టీ, కునుకు రెండూ కలిసి పనిచేసేవి. తెల్లవారి ఐదింటికి పడుకోవాలనుకుంటే పన్నెండు దాటాక టీ వద్దు. లేకపోతే పడుకున్నా నిద్ర పట్టక, మర్నాటి రాత్రి ఇంకా కష్టమవుతుంది. గుట్కా, ఖైనీ, ఎవరో ఇచ్చే బిళ్ళలు అసలు ముట్టుకోవద్దనండి. జలుబు మాత్రల్లో కూడా మత్తు ఇచ్చేవి ఉంటాయి, మందుల షాపులో డ్రైవర్నని చెప్పి అడగాలి. మీ ఇంట్లో షుగర్ ఉంటే అతనికి ఒకసారి పరీక్ష చేయించండి. షుగర్ మాత్ర వేసుకుని భోజనం మానేస్తే కొందరికి స్టీరింగ్ మీదే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి.

నేను బండి తోలిన రోజుల్లో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేది, మామూలుగా రోజుకు 8 గంటల పని అని, 5 గంటల తర్వాత అరగంట విరామం ఇవ్వాలని అందులో ఉండేది. మా లైన్లో అది అమలు కావడం నేను చూడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పోలీసులు రాత్రిపూట బండి ఆపి ముఖం కడుక్కోమని నీళ్ళిస్తే నేను ఎప్పుడూ విసుక్కోలేదు. కానీ ఆ నీళ్ళతో వచ్చే మెలకువ కాసేపే.

మీరు చేయగలిగింది ఒకటుంది. ట్రిప్పుకి బయలుదేరే రోజు పగలు ఇంట్లో ఎవరూ లేపకుండా ఐదారు గంటలు పడుకోనివ్వండి, పనులేవీ చెప్పకండి. వెళ్ళేటప్పుడు ఒక డబ్బాలో వేరుశనగ గుళ్ళు, పుట్నాలు కలిపి, ఇంకో డబ్బాలో ఉడికించిన గుడ్లు పెట్టివ్వండి. గుడ్లు మాత్రం అదే రాత్రి తినేయమనండి, ఎండాకాలం మర్నాటికి ఆగవు.