పిల్లలకు మెంటర్లను (దారి చూపే పెద్దలను) జతచేసే మెంటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ పెడితే కొందరి పేర్లు కనిపించవు, వాళ్లు డిలీట్ అయిపోయినట్టేనా?

లేదు, ఎవరూ డిలీట్ కారు. ఫిల్టర్ మీరు పెట్టిన షరతుకు సరిపోయేవాళ్లను మాత్రమే చూపిస్తుంది, మిగతావాళ్ల వివరాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

సాఫ్ట్‌వేర్ చూసేది మనిషిని కాదు, ఫారంలో అతను నింపిన గడిని. గడి ఖాళీగా ఉన్నా, స్పెల్లింగ్ మారినా ఆ పేరు రాదు. రెండు షరతులు పెడితే సాధారణంగా రెండూ కుదరాలి.

ఒడిశాలోని గజపతి జిల్లాలో తెలుగు, ఒడియా పిల్లలకు కలిపి ఒక మెంటరింగ్ కార్యక్రమం నడుస్తోందనుకోండి. ఇంకా మెంటర్ దొరకని తెలుగు పిల్లల కోసం 'భాష: తెలుగు', 'ఊరు: పర్లాకిమిడి', 'మెంటర్: లేరు' అని పెట్టారు. జిల్లా కేంద్రాన్ని మనం పర్లాకిమిడి అంటాం, సర్కారు కాగితాల్లో మాత్రం పరలాఖెముండి. పరలాఖెముండి అని రాసిన అమ్మాయి జాబితాలోకి రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే అబ్బాయి ఒడియా ఒక్కటే టిక్ చేస్తే అతనూ రాడు. చివరికి మెంటర్ లేకుండా మిగిలిపోయేది ఇలాంటి పిల్లలే, అదే బాధ. అందుకే ఊరి పేరు టైపు చేయించకుండా జాబితాలోంచి ఎంచుకోనివ్వండి, భాషకు ఒకటికి మించి టిక్ పెట్టే వీలివ్వండి.

సేవ్ చేసిన ఫిల్టర్ అంటే సేవ్ చేసిన పేర్లని చాలామంది పొరపడతారు. మామూలుగా సేవ్ అయ్యేది షరతులే. నిన్న 12 మంది ఉన్న జాబితా కొత్తవాళ్లు చేరితే ఇవాళ 15 కావచ్చు, మెంటర్ దొరికినవాళ్లు అందులోంచి వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. అందరికీ మెసేజ్ పంపేముందు ఆ సంఖ్య ఒకసారి చూసుకోండి.