సాగునీరు పెట్టని మేత భూమిలో చౌడు ఎందుకొస్తుంది, ఏం చేయాలి?

బోరు నీళ్లు, కాలువ నీళ్లు ఏవీ పెట్టకపోయినా పల్లం వైపు గడ్డి చచ్చిపోయి తెల్లగా ఉప్పు పేరుకుంటోంది, జిప్సం వేస్తే పోతుందా అని అడిగారు. నా గొర్రెలు మేసే భూమిలోనూ అచ్చం ఇలాగే జరిగింది, దారిలో పడటానికి నాలుగేళ్లు పట్టింది.

ఆ ఉప్పు మొదటినుంచీ భూమి లోపల ఉన్నదే. చెట్లు, లోతు వేర్లున్న గడ్డి ఉన్నన్నాళ్లూ పడిన వాననంతా అవే తాగేసేవి. వాటిని కొట్టేసి పైపైన వేర్లుండే ఏడాది గడ్డి పెంచితే మిగిలిన నీరు కిందికి దిగిపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ భూగర్భజలం లోపలి ఉప్పును కరిగించుకుంటూ పైకి లేస్తుంది, అది సుమారు 2 మీటర్ల లోపుకి వచ్చిందంటే వత్తి నూనెను పీల్చినట్టు మట్టి దాన్ని పైకి లాగుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో వుడ్ అనే రైల్వే ఇంజనీరు 1924లోనే ఈ సంగతి రాశాడు. ఆవిరి ఇంజన్లకు మంచినీళ్లు కావాలి కాబట్టి, చెట్లు కొట్టేశాక వాగులు ఉప్పెక్కడం రైల్వేవాళ్లకు ముందే తెలిసింది.

అందుకే తెల్లమచ్చతో కుస్తీ పట్టకండి. నేను మొదటి ఏడు దాన్ని లోతుగా దున్ని మామూలు గడ్డి విత్తనం చల్లాను, మొలకలన్నీ మాడిపోయాయి, మచ్చ ఇంకా పెద్దదైంది. జిప్సం పనిచేసేది సోడియం ఎక్కువై మట్టి గట్టిపడ్డ కారు చౌడుకి. మీరు చెప్పిన తెల్ల పొర పాల చౌడులా, అంటే మామూలు ఉప్పు పేరుకున్న చౌడులా ఉంది, అయినా మట్టి పరీక్షలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), పీహెచ్ (పులుపు-క్షార గుణం), సోడియం మూడూ చూపించుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

నాకు బాగా పనికొచ్చింది చిల్లులు పెట్టిన ఒక పైపు. మచ్చ పక్కన నిలువుగా పాతి నెలనెలా నీటి మట్టం కొలిచాను, మొదటిసారి 70 సెంటీమీటర్లలోనే తగిలింది! ఆ తర్వాత మచ్చ చుట్టూ కంచె వేసి రెండు వేసవులు ఒక్క గొర్రెను కూడా పోనివ్వలేదు. నేల బోసిగా ఉంటే ఆవిరి ఎక్కువ, ఉప్పూ ఎక్కువ, కాబట్టి ఎండు గడ్డైనా సరే కప్పి ఉండాలి. అంచుల్లో ఉప్పు తట్టుకునే గడ్డి, కాస్త ఆరిన చోట సాల్ట్‌బుష్ అనే ఉప్పు తట్టుకునే మేత పొద పెట్టాను.

అసలు పని మాత్రం పైన మెరక మీద, వాన నీళ్లు లోపలికి దిగే చోట. అక్కడ లూసర్న్ (ఏళ్ల తరబడి ఉండే పప్పుజాతి పచ్చిమేత) వేశాను, దాని వేర్లు మీటర్ల లోతుకి పోతాయి. ఉప్పునీ, నీరు నిలవడాన్నీ అది ఓర్చుకోదు కాబట్టి పల్లంలో వేయకండి. ఒకటి రెండు వారాలు మేపి, ఐదారు వారాలు వదిలేయాలి, లేకపోతే మొక్కలు చచ్చిపోతాయి. ఆకలి మీదున్న పశువుల్ని పచ్చి లూసర్న్‌లోకి తోలితే కడుపుబ్బరంతో ప్రాణమే పోవచ్చు, ముందు ఎండుగడ్డి పెట్టండి, ఇది మర్చిపోవద్దు.

సాల్ట్‌బుష్ ఆకు ఎండు బరువులో ఐదో వంతు దాకా ఉప్పే ఉండొచ్చు. అదొక్కటే తిని జీవాలు బతకలేవు, పక్కన వేరే మేత, తియ్యటి నీళ్లు తప్పకుండా ఉండాలి. ఆ పల్లంలోని గుంట నీళ్లు తాగిస్తుంటే మాత్రం ముందు వాటి ఈసీ చూపించండి, ఎండాకాలం చివర్లో మరోసారి చూపించండి, అప్పటికి ఉప్పు ఇంకా చిక్కబడుతుంది.