పెద్దవాళ్ల చేతికి బొమ్మల పుస్తకం ఇచ్చేటప్పుడు

చిరంజీవి శారదకు,

పెదనాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

మీ కాలనీ గ్రంథాలయంలో పెద్దలు చదివే కామిక్స్‌కి ఒక అర కేటాయించారని, ఏవి కొనాలో, ఎవరికి ఏది ఇవ్వాలో రాయమని అడిగావు. పేర్లు రాసి పంపడం పది నిమిషాల పని, కానీ దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదు. పేరున్న పుస్తకాలన్నీ తెచ్చిపెట్టినా, మనిషికి నప్పని పుస్తకం చేతికిస్తే "ఇవి పిల్లలవమ్మా" అని తిరిగిచ్చేసి మళ్లీ ఆ అర వైపు రారు. అందుకని వచ్చినవాళ్లను "కామిక్స్ చదువుతారా" అని అడగకు. ఈమధ్య ఇష్టంగా చదివినవి ఏమిటో అడుగు. ఆత్మకథలా, చరిత్రా, పురాణమా, పేపర్లో విదేశీ వార్తలా? దాన్నిబట్టి పుస్తకం తియ్యాలి. ఇంగ్లీషు ఎంత ధారాళంగా చదువుతారో కూడా మాటల్లో కనిపెట్టు. పెద్దల కోసం ఇలాంటివి తెలుగులో బహు తక్కువ కాబట్టి నువ్వు ఇచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషువే అవుతాయి.

ఆత్మకథలు ఇష్టపడేవాళ్లకు మొదట ఇవ్వాల్సింది మర్జాన్ సత్రపి 'పెర్సెపోలిస్'. 1979 విప్లవం తర్వాత ఇరాన్‌లో పెరిగిన పిల్ల కథ. 2000 నుంచి 2003 వరకు ఫ్రెంచిలో నాలుగు భాగాలుగా వచ్చింది. తేలిక ఇంగ్లీషు, నలుపు తెలుపు బొమ్మలు, ప్రతి అధ్యాయమూ కొద్ది పేజీలే. బస్సులో చదివి ఆపేసినా మళ్లీ అందుకోవచ్చు. కొనేటప్పుడు అన్ని భాగాలూ కలిపి వేసిన ప్రతే కొను. ఇంగ్లీషులో మొదట రెండు పుస్తకాలుగా వచ్చింది. మొదటిది ఆ పిల్ల విమానాశ్రయంలో అమ్మానాన్నల దగ్గర వీడ్కోలు తీసుకోవడంతో ఆగుతుంది, అక్కడితో కథ అయిపోయిందనుకుని చాలామంది రెండోది ముట్టుకోరు. పరదేశంలో ఒంటరితనం, తిరిగి రావడం, పెళ్లి, విడాకులు అన్నీ రెండోదాంట్లోనే ఉన్నాయి. చిత్రహింసల బొమ్మలు కొన్ని ఉంటాయని ముందే చెప్పు.

చరిత్ర చదివేవాళ్లకు ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్'. 1986లో మొదటి సంపుటం, 1991లో రెండోది వచ్చాయి. 1992లో దీనికి ప్రత్యేక పులిట్జర్ బహుమతి ఇచ్చారు. హిట్లర్ కాలంలో పోలండ్ యూదులు పడ్డ నరకం ఇందులో ఉంది, దాన్ని దాటి బతికిన తండ్రి కొడుక్కి చెబుతుంటాడు, ఆ కొడుకే రచయిత. బొమ్మల్లో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలిష్‌వాళ్లు పందులు. బయటినుంచి చూస్తే పిల్లల పుస్తకంలా ఉంటుంది గనక ఇచ్చేటప్పుడే మూడు సంగతులు చెప్పాలి.

మొదటిది భాష. న్యూయార్క్‌లో ముసలి తండ్రి కొడుకుతో మాట్లాడే ఇంగ్లీషు విరిగిన ఇంగ్లీషు, పదాలు వెనకా ముందూ అవుతాయి. మన తెలుగు మీడియం పాఠకులు అచ్చుతప్పులనుకుంటారు, లేదా తమకే అర్థం కావట్లేదని పుస్తకం మూసేస్తారు. వలస వచ్చిన మనిషి యాస అది. పోలండ్ రోజుల దృశ్యాల్లో అదే మనిషి చక్కగా మాట్లాడతాడు, ఎందుకంటే అక్కడ అది అతని సొంత భాష. ఈ ఒక్క ముక్క ముందే చెబితే పాఠకుడికి సగం దారి సుగమం అవుతుంది. రెండోది ముసుగులు. యూదుడు పోలిష్‌వాడిలా నటిస్తూ వీధిలో నడిచేటప్పుడు ఎలుక ముఖం మీద పంది ముసుగు కట్టుకుంటాడు, తల వెనక దారం కనిపిస్తుంది. ఆ దారాన్ని చూసినవాడే పుస్తకాన్ని చదివినట్టు. మూడోది, మొదటి సంపుటం నడుమ నాలుగు పేజీల చిన్న కామిక్ ఒకటి వస్తుంది. అందులో జంతువులు లేవు, మనుషులే ఉంటారు, గీతలు కూడా వేరు. అది రచయిత తల్లి ఆత్మహత్య గురించి. ఇంట్లో అలాంటి చావు చూసినవాళ్లకు ముందే చెప్పి, వద్దంటే వేరే పుస్తకం ఇవ్వు.

పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాళ్లకు జో సాకో 'పాలస్తీనా'. 1991-92 చలికాలంలో అక్కడ తిరిగి, విన్నదీ చూసిందీ గీసిన రిపోర్టింగ్. పేజీ నిండా కిక్కిరిసిన గీతలు, ఏటవాలుగా అతికించిన వాక్యాలు. ఒక్కసారికి ఒక అధ్యాయం చాలు.

మన దేశపు పుస్తకాల్లో 'భీమాయన' తప్పకుండా కొను. 2011లో నవయాన అనే ప్రచురణ సంస్థ వేసింది. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే ప్రధాన్ గోండు తెగ చిత్రకారులు అంబేడ్కర్ జీవితాన్ని గీశారు, మాటలు శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌వి. నీళ్లు, నీడ, ప్రయాణం అని మూడు భాగాలు. ఇందులో బొమ్మ బొమ్మకీ చుట్టూ గీసే గడులు ఉండవు. మెత్తని మాటలు పలికేవాళ్ల మాటలు రాసే బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది, విషం కక్కే మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. కామిక్స్ అలవాటున్న కుర్రాళ్లే ఇక్కడ తడబడతారు, పేజీలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. కామిక్స్ ఎన్నడూ చదవనివాళ్లు పటం చూసినట్టు చూసి తేలిగ్గా చదివేస్తారు.

ఒరిజిత్ సేన్ 'రివర్ ఆఫ్ స్టోరీస్' 1994 నాటిది, చాన్నాళ్లు దొరకలేదు, 2022లో మళ్లీ అచ్చయింది. నర్మద మీద ఆనకట్ట, ఊళ్లు పోయిన ఆదివాసులు. పోలవరం ముంపు సంగతి తెలిసినవాళ్లకు పరిచయ వాక్యం కూడా అక్కర్లేదు. విశ్వజ్యోతి ఘోష్ 'ఢిల్లీ కామ్' ఎమర్జెన్సీ గురించి, ఆ రోజులు గుర్తున్న రిటైర్డు ఉద్యోగులకు ఇవ్వు. మాలిక్ సజాద్ 'మున్నూ'లో కాశ్మీరీలను హంగుల్ అనే అక్కడి జింకలుగా గీశాడు. 'మౌస్' చదివినవాళ్లకే దాన్ని ఇవ్వు, అప్పుడే ఆ జింక ముఖాల బరువు తెలుస్తుంది.

పురాణాలు చదివేవాళ్లకు అమృతా పాటిల్ 'ఆదిపర్వ'. 2012లో వచ్చింది. భారత కథను గంగ నోట చెప్పిస్తుంది, రంగుల బొమ్మలు. జపాన్ చిత్రకారుడు ఒసాము తెజుకా 'బుద్ధ' ఎనిమిది సంపుటాలు. గొప్ప రచన, కానీ భక్తితో తెరిచేవాళ్లకు దెబ్బ తగులుతుంది. కల్పిత పాత్రలు బోలెడు, నగ్నంగా తిరిగే పిల్లవాడు ఉంటాడు, ఘోరమైన చావు పక్కనే చిలిపి హాస్యం ఉంటుంది. మొదటి సంపుటంలో సిద్ధార్థుడు పుట్టడమే ఆలస్యం. ఇది బుద్ధ చరిత్ర కాదు, బుద్ధుడి కాలం గురించిన నవల అని చెప్పి ఇస్తే గొడవ ఉండదు. ఎనిమిదీ ఒకేసారి కొనకు, మొదటి రెండూ తెప్పించి ఎంతమంది అడుగుతారో చూడు.

'వాచ్‌మెన్' మాత్రం మొదటి పుస్తకంగా ఎవరికీ ఇవ్వద్దు. అన్ని జాబితాల్లోనూ ముందు అదే కనిపిస్తుంది, కొత్తవాళ్లను బెదరగొట్టేదీ అదే. సూపర్ హీరోల కథలు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్ల కోసం ఆ అలవాట్లను తలకిందులు చేసిన పుస్తకం అది. కథలో ఇంకో సముద్రపు దొంగల కామిక్ నడుస్తుంది, పన్నెండు అధ్యాయాల్లో పదకొండింటి చివర వచనం ఉంటుంది. ఆ వచనం దాటేస్తే కథలో చిల్లులు పడతాయి. నాలుగైదు పుస్తకాలు చదివినవాళ్లకు ఇవ్వు, అప్పుడు పండగ.

ఇక చదివే పద్ధతి. బాగా చదువుకున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ పొరపాటు చేస్తారు. మాటల బుడగలు మాత్రం చదువుకుంటూ రెండు వందల పేజీలు గంటలో తిరగేసి "ఏముంది ఇందులో" అంటారు. కథంతా మాటల్లో ఉండదు. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993 నాటి 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'లో ఒక చక్కని ఉదాహరణ ఉంది. ఒక గడిలో గొడ్డలి ఎత్తిన మనిషి, పక్క గడిలో రాత్రి ఊరి మీద ఒక కేక. దెబ్బ ఎక్కడా గీయలేదు. రెండు గడుల మధ్య తెల్లటి ఖాళీలో ఆ దెబ్బ వేసింది చదివేవాడే. ఆ ఖాళీని గట్టర్ అంటారు.

ఇదంతా మనవాళ్లకు పరాయి విద్య అనుకోకు. చెన్నై మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగు ఫలకం చూడు. ఒకే గుండ్రటి రాతిలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది, ఒకచోట మదమెక్కి జనాన్ని తొక్కుతూ, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లి. మధ్య గీత లేదు, రెండు ఏనుగులు కావని చూసేవాడికే తెలుస్తుంది. చెరియాల నకాషీ పటాలు విప్పుతూ కథ చెబుతుంటే కూర్చుని విన్నది పెద్దలే. ఆ ఫలకం ఫొటో ఒకటి ప్రింటు తీసి అర పక్కన అంటించు, కొత్తవాళ్లకు అది చూపించి మొదలుపెట్టు. తర్వాత ఇలా చెప్పు: పేజీ తిప్పగానే మాటలకు వెళ్లకుండా ముందు మొత్తం పేజీ ఒక్క చూపు చూడాలి, అప్పుడు బుడగలు చదవాలి, మాటల్లేని గడి దగ్గర రెట్టింపు సేపు ఆగాలి. జపాన్ పుస్తకమైతే కుడినుంచి ఎడమకు చదివేదో, ఇంగ్లీషు ప్రతికోసం తిప్పి అచ్చువేసిందో నువ్వే చూసి అట్ట లోపల చీటీ అంటించు.

కొనేముందు అక్షరం సైజు చూడు. నలభై దాటినవాళ్లు చత్వారం కళ్లజోడుతో చదవాలి, బుడగల్లో చేత్తో రాసిన ఇంగ్లీషు కాపిటల్ అక్షరాలు చిన్నవిగా ఉంటే రెండు పేజీలకే కళ్లు లాగుతాయి. 'పెర్సెపోలిస్' సంగతి వేరు గానీ, అన్నీ కలిపి కుట్టిన లావుపాటి సంపుటాలు చవకే, కానీ ఒడిలో బరువు, పైగా నడుమ మడతలో బొమ్మ మునిగిపోతుంది. జిగురు బైండింగ్ అయితే పదిమంది చదివేసరికి పేజీలు ఊడతాయి, కుట్టు బైండింగ్ దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకో. ఫోన్లో చదవమని ఎవరికీ చెప్పకు. ఒక్కో గడీ విడిగా చూపిస్తుంది, పేజీ కనిపించదు. పది అంగుళాల టాబ్లెట్ అయితే పరవాలేదు.

గ్రంథాలయాల్లో విషయాన్నిబట్టి అంకెలు వేసే డ్యూయీ పద్ధతిలో కామిక్స్ అన్నీ 741.5 అంకె కింద ఒకే చోట పెడతారు, అది పిల్లల అర పక్కన పడిందంటే 'మౌస్' పదేళ్ల పిల్లల చేతికి పోతుంది. రిజిస్టర్లో ఆ అంకె ఉండనీ, పుస్తకాన్ని మాత్రం చరిత్ర అరలోనో ఆత్మకథల అరలోనో పెట్టు. చరిత్ర వెతికేవాళ్ల కంట అదే పడుతుంది.

మొదటి విడతకు ఎనిమిది పేర్లు చాలు, 'పెర్సెపోలిస్' మాత్రం రెండు ప్రతులు తెప్పించు, ఇద్దరు ఒకే వారం చదివితే మాట్లాడుకుంటారు. రెండు గంటల్లో అయిపోయే పుస్తకమైనా గడువు రెండు వారాలు ఇవ్వు, రెండోసారి చదవడానికి. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు "నచ్చిందా" అనకుండా "ఏ పేజీ దగ్గర ఆగారు" అని అడుగు. ఆ పేజీ తెరిచి చూపిస్తే తర్వాత ఏ పుస్తకం ఇవ్వాలో నీకే తెలుస్తుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న