వాన కురిసిన చోట ఉప్పెంత?

చిరంజీవి చెల్లెమ్మకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "వాన పడితే ఉపగ్రహం సముద్రపు ఉప్పును తప్పుగా చూపిస్తుంది" అన్న మొదటి వాక్యం తీసెయ్. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

ఒకటి, సముద్రంలో నిజంగానే జరిగేది. గ్లాసులో ఉప్పునీళ్లు పోసి, చెంచా అడ్డుపెట్టి, రంగు కలిపిన మంచినీళ్లు పైన మెల్లగా వదిలి చూడు. తేలిక కాబట్టి పొరలా పైనే నిలుస్తాయి. చెంచాతో గట్టిగా తిప్పావా, కలిసిపోతాయి. సముద్రం మీద ఆ తిప్పే పని గాలిది. గాలి మందగిస్తే వాననీటి పొర గంటల తరబడి ఉండిపోతుంది. ఉపగ్రహానికి అందేది పైనున్న ఒక సెంటీమీటరు మాత్రమే. నీళ్లలో తేలుతూ మునుగుతూ తిరిగే ఆర్గో పరికరాలు పైకి వస్తూ చాలావరకు ఐదు మీటర్ల లోతులోనే ఉప్పు కొలవడం ఆపేస్తాయి. రెండు కొలతలూ కలవకపోయినా రెండూ నిజమే కావచ్చు. కొత్తలో నేనూ లోతు సంగతి రాయకుండా వదిలేశాను. "మరి ఏది సరైనది?" అని ఒక పాఠకుడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

రెండోది కొలతలో వచ్చే చిక్కు. ఉపగ్రహం సముద్రం నుంచి సహజంగా వెలువడే 21 సెంటీమీటర్ల మైక్రోవేవ్ తరంగాలను పట్టుకుంటుంది. ఉప్పు తగ్గితే వాటి తీవ్రత కాస్త పెరుగుతుంది. చినుకుల తాకిడికి నీటి ఉపరితలం గరుకెక్కినా పెరుగుతుంది! ఆ గరుకుదనాన్ని లెక్కలోంచి తీసెయ్యకపోతే, నీళ్లు ఉన్నదానికన్నా చప్పగా ఉన్నట్టు తేలుతుంది. అసలు రుచంతా ఇక్కడుంటే నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. మేఘాలు అడ్డుపడటం ఈ తరంగాల దగ్గర చాలా స్వల్పం, దానికేమో పేరా ఇచ్చావు.

ఇలా ఉప్పు కొలిచే ఉపగ్రహాలు స్మోస్ 2009లో, అక్వేరియస్ 2011లో, స్మాప్ 2015లో వెళ్లాయన్నది ఒక్క వాక్యంలో చెప్పెయ్. ఆ చోటు స్పర్స్-2 అనే సముద్రపు ఉప్పు పరిశోధనకు ఇవ్వు. 2016, 2017ల్లో ఆ శాస్త్రవేత్తలు తూర్పు పసిఫిక్‌లో వానలు ఎక్కువగా పడే పట్టీలోకి ఓడలో వెళ్లారు. ఓడ పక్కన నీటి మీద ఒక గొట్టాన్ని ఈడ్చుకుంటూ, పైపై నీళ్లను లోపలికి తోడి ఉప్పు కొలిచారు. ఆ గొట్టానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'సాలినిటీ స్నేక్', అంటే ఉప్పు పాము.

ఆ పాముతోనే మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. అందిన రోజే చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య