తొందరగా నడిస్తే తెలివైన బిడ్డేనా?

మీ ప్రశ్న ఇది: పాప తొమ్మిదిన్నర నెలలకే నడిచింది. ఇప్పుడు 14 నెలలు, నాలుగైదు మాటలు అంటోంది. చూసినవాళ్లంతా "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది" అంటున్నారు. ఐక్యూ పరీక్ష చేయించాలా?

అక్కర్లేదండి. నడక ముందే వచ్చిందంటే కండరాల బలం, ఒళ్లు బరువు, నేల మీద ఎంతసేపు వదిలారు, వీటి గురించి చాలా తెలుస్తుంది. బుర్ర గురించి తెలిసేది చిటికెడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఢిల్లీ పిల్లల్ని కూడా కలుపుకుని అయిదు దేశాల్లో ఆరోగ్యవంతులైన పసివాళ్లను గమనించి 2006లో లెక్కలు ఇచ్చింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, దోగాడటం 5.2 నుంచి 13.5, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6. ఒక్క నడకలోనే తొమ్మిది నెలల పైచిలుకు తేడా, అంతా మామూలు కిందకే వస్తుంది. నూటికి నలుగురైతే దోగాడకుండానే లేచి నడిచేశారు.

తెలివితో అసలు సంబంధమే లేదా అంటే, ఉంది గానీ లెక్కలోకి రానంత. బ్రిటన్‌లో 1946లో పుట్టినవాళ్లను ఏళ్ల తరబడి గమనించినప్పుడు, ఒక నెల ముందు నిలబడ్డవాళ్లకు ఎనిమిదో ఏట ఐక్యూ సుమారు అర పాయింటు ఎక్కువ వచ్చింది. ఒకే పిల్లాడికి రెండు వేర్వేరు రోజుల్లో పరీక్ష పెడితే వచ్చే తేడా ఇంతకంటే ఎక్కువే. పైగా నడక నేర్పితే ముందే వస్తుంది కూడా. కెన్యాలో కిప్సిగిస్ తెగ తల్లులు పిల్లలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. ఆ రెండూ వాళ్లకు ముందే వస్తాయి, నేర్పనివి మాత్రం ముందుగా రావు. బేబీ వాకర్ దీనికి వ్యతిరేకం: పిల్ల తిరుగుతున్నట్టే ఉంటుంది, సొంత నడక మాత్రం వెనకబడుతుంది. మెట్ల మీంచి పడే ప్రమాదం సరేసరి. కొని ఉంటే అటకెక్కించండి.

ఎవరైనా "మా బాబుకు 120 వచ్చింది" అంటే అది ఐక్యూ కాదు, డీక్యూ, అంటే వయసుకు తగ్గ ఎదుగుదలను చెప్పే అంకె అని గుర్తుపెట్టుకోండి. మన దేశంలో రెండున్నరేళ్ల లోపు పిల్లలకు వాడే డాసీ లాంటి ఎదుగుదల పరీక్షలు ఇచ్చేది అదే. పిల్ల చేసే పనులు ఏ వయసువో చూసి, దాన్ని అసలు వయసుతో భాగించి 100తో గుణిస్తారు. పది నెలల పిల్ల పన్నెండు నెలల పనులు చేస్తే 120. అదే రెండు నెలల ముందంజ రెండేళ్లప్పుడు ఉంటే 26ను 24తో భాగించాలి, 108 వస్తుంది. పిల్ల మందగించలేదు, భాగహారం మారిందంతే. అసలు ఈ పరీక్షలు పెట్టింది వెనకబాటును పట్టుకోవడానికి, మేధావుల్ని ఏరడానికి కాదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: 'ముందే' అనేది అప్పుడప్పుడు డాక్టరుకు చూపించాల్సిన విషయం. మూడు నెలల్లోపే ఒళ్లంతా విల్లులా బిగించి దొర్లిపోతుంటే, కాళ్లు కర్రల్లా బిగుసుకుని ఎప్పుడూ మునివేళ్ల మీదే నిలబడుతుంటే, కండరాల బిగుతు ఉందేమో చూడాలి. ఏడాది నిండకుండానే అన్నీ ఒక చేత్తోనే అందుకుంటూ రెండో చెయ్యి పిడికిలి విప్పకపోతే, అది 'చేతివాటం' కాదు, ఆ రెండో చెయ్యి బలహీనంగా ఉందేమో. రెండేళ్లకే బోర్డులన్నీ చదివేస్తూ పేరు పెట్టి పిలిస్తే తిరగని, ఏదీ వేలితో చూపించని పిల్లల్ని కూడా చూపించాలి. ఇక్కడే ఎక్కువమంది మురిసిపోయి ఆలస్యం చేస్తారు.

మీ పాప వయసులో నిజంగా గమనించాల్సింది మాట అర్థమవడం, మీతో చూపు పంచుకోవడం. ఇందులో మనకు తెలియకుండానే మోసం జరుగుతుంది. "ఫ్యాన్ ఏదీ?" అంటూ మనమే పైకి చూస్తాం, పిల్ల మన కళ్లను చూసి తలెత్తుతుంది, అందరం చప్పట్లు కొడతాం. ఇలా చేయండి: గిన్నె, చెంచా, బంతి జానెడు ఎడంగా పెట్టి, పాప వెనక కూర్చుని, చెయ్యి చాపకుండా "బంతి ఇవ్వు" అనండి. వస్తువుల చోట్లు మార్చి వేర్వేరు పూటల్లో అడగండి. ఎక్కువసార్లు సరిగ్గా ఇస్తే మాట తెలిసినట్టే. కాకిని వేలితో చూపించి, మీరు చూశారో లేదో అని వెనక్కి తిరిగి మీ మొహం చూస్తుందా? ముందే వచ్చిన నడక కంటే నేను దానికి ఎక్కువ విలువిస్తాను. మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగు, ఇంగ్లిష్, హిందీ అన్నీ కలపండి. 'బువ్వ' ఎప్పుడూ అన్నానికే వాడితే అది పూర్తి మాటే.

రాజధానుల ఫ్లాష్ కార్డులు, ఫోన్లో రైమ్స్‌తో ఇది పెరగదు. రెండేళ్ల లోపు తెర వద్దనే పిల్లల డాక్టర్లు చెప్తారు. పాప 'ఊ' అంటే మీరు జవాబివ్వండి, మళ్లీ తన వంతు వచ్చేదాకా నాలుగైదు సెకన్లు ఆగండి. మనవాళ్లు ఆగరు, వరసపెట్టి అడుగుతూనే ఉంటారు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే వయసు సరిచేయాలి. 32 వారాలకు పుడితే ఎనిమిది వారాలు తీసేసి లెక్కపెట్టాలి, రెండేళ్ల వరకూ. 12 నెలలకు టాటా, వేలితో చూపించడం లాంటి సైగలు లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, 18కి నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా ఆగొద్దు. వచ్చిన మాట పోతే ఏ వయసులోనైనా వెంటనే వెళ్లాలి. చాలా జిల్లా ఆసుపత్రుల్లో ఉండే డీఈఐసీ కేంద్రాల్లో, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టుకునే సర్కారు కేంద్రాల్లో, ఈ పరీక్షలు ఉచితం.

ఐక్యూ సంగతి బడికి వెళ్లాక చూడొచ్చు. మన దేశంలో వాడే ఐక్యూ పరీక్షల్లో బినే-కామత్ మూడేళ్ల నుంచి, మాలిన్ స్కేలు ఆరేళ్ల నుంచి పెడతారు. అంకె కాస్త నిలకడగా ఉండేది ఆరేడేళ్ల తర్వాతే. అదీ బళ్లో విసుగొచ్చి గొడవ చేస్తోందనో, క్లాసు మార్చాలనో కారణం ఉంటేనే. ఈలోగా బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, గడప దాటితే గారెలు మామూలే. అరిసెలు ఇంకా పంచకపోతే ఇప్పుడైనా పంచేయండి.