షెడ్డు నీ తరువాత కూడా నడవాలంటే

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బోట్ల మరమ్మతు పనులు చేసే నీ ఆటోనగర్ షెడ్డు నీ తరువాత ఏమవుతుందని అడిగావు. ఒంట్లో శక్తి ఉండగానే ఈ ఆలోచన చేసినందుకు నాకెంతో సంతోషంగా ఉంది, ఎందుకంటే పని నేర్పి అధికారం అప్పగించడానికి యజమానికి తీరిక, ఓపిక రెండూ కావాలి. మంచాన పడ్డాక మిగిలేది పంపకాల మాట ఒక్కటే.

ముందు కాగితాల సంగతి చూడు. షెడ్డు నీ ఒక్కడి పేరున ఉన్నంతకాలం చట్టం దృష్టిలో నువ్వూ వ్యాపారమూ ఒకటే. నువ్వు లేకపోతే బ్యాంకు కరెంటు ఖాతాలో లావాదేవీలు ఆగిపోతాయి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ వారసులు తమ పాన్ మీద కొత్తగా తీసుకోవాలి, నువ్విచ్చిన పవరాఫ్ అటార్నీ కూడా నీతోనే ముగుస్తుంది. మీ అమ్మాయిని, అంటే నీ కూతురిని, భాగస్వామిగా చేర్చుకుంటే చాలనుకుంటున్నావు. ఇద్దరే ఉన్న భాగస్వామ్యంలో ఒకరు మరణిస్తే, ఒప్పందంలో ఏమి రాసుకున్నా ఆ సంస్థ రద్దవుతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే వాటాదారు పోయినా సంస్థ నిలిచే ఉంటుంది. ఏటా లెక్కలు దాఖలు చేసే ఖర్చు పెరుగుతుంది గాని, అది భరించదగ్గదే.

వాటాలకు నామినీని రాసి ఊరుకోవద్దు. నామినీ అయినంత మాత్రాన యజమాని కాడని సుప్రీంకోర్టు 2023లో మళ్లీ స్పష్టం చేసింది. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నీ భార్యకు, ఇద్దరు పిల్లలకు, మీ అమ్మ అయిన మా అక్కయ్యకు సమాన వాటాలు వస్తాయి. అందులో అన్యాయమేమీ లేదు. అయితే హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే అబ్బాయీ, రోజూ షెడ్డుకు వచ్చే అమ్మాయీ లోహాన్ని తిప్పుతూ చెక్కే కొత్త లేత్ యంత్రం కొనాలా వద్దా అన్నదానికి కూడా ఒకరి సంతకం కోసం ఒకరు ఎదురుచూడవలసి వస్తే పని సాగదు. అబ్బాయికి వాటా, లాభం ఇవ్వు; నడిపే అధికారం అమ్మాయికి ఇవ్వు. ఆ మాట ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి నువ్వే చెప్పి, ఇద్దరు సాక్షులతో వీలునామా రాయించు.

కాగితాలకన్నా కష్టమైనది నీ తలలో ఉన్న వ్యాపారాన్ని బయటకు తీయడం. ఏ బోటు షాఫ్టును ఏ కొలతకు తిప్పాం, షాఫ్టు తిరిగే గొట్టంలాంటి బుష్‌కు ఎంత సందు వదిలాం, ఏ యజమానికి ఎంతవరకు అరువివ్వవచ్చు, రేటు కట్టేటప్పుడు ఎక్కడ తగ్గకూడదు అన్నవి నీకూ, లేత్ మీద పనిచేసే పాత టర్నర్‌కూ తప్ప ఎవరికీ తెలియవు. బోటు బోటుకూ ఒక పేజీ పెట్టి ఇవన్నీ అమ్మాయి చేత రాయించు. రాస్తూ ఆమె అడిగే ప్రశ్నలే ఆమెకు చదువవుతాయి. టర్నర్‌ను పక్కన పెట్టారన్న భావన ఆయనకు కలగకూడదు. నేర్పేది ఆయనేనని అందరికీ తెలిసేలా హోదా, జీతం పెంచు.

వాల్‌చంద్ హీరాచంద్ మన ఊళ్లో నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో పునాది వేయించారు. ఆయన 1953లో పోయారు, 1961 నాటికి అది పూర్తిగా ప్రభుత్వపరమైంది, అయినా అక్కడ ఓడలు కడుతూనే వచ్చారు. ఓడ కట్టడం తెలిసిన మనుషులు ఆ యార్డులో ఉన్నారు కనుకనే అది సాధ్యమైందని నేను నమ్ముతాను.

ఇక అప్పగించడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. మొదట పని పలచగా ఉండే నెలలో కొటేషన్లన్నీ అమ్మాయే ఇవ్వాలి, నువ్వు పంపే ముందు చూడాలి. తరువాత పంపాక మాత్రమే చూడాలి. ఆ పైన సముద్రంలో చేపల వేట నిషేధ కాలం ఆమెకు వదిలెయ్యి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు బోట్లు మరమ్మతుకు వచ్చే ఆ 61 రోజులే మన వ్యాపారానికి అసలైన పరీక్ష కనుక, అవి ఆమె దాటిస్తే షెడ్డు ఆమెదని ఫిషింగ్ హార్బర్‌లో అందరికీ తెలుస్తుంది. ఆ రోజుల్లో బోటు యజమానులు పాత అలవాటుకొద్దీ నీకే ఫోన్ చేస్తారు. రేటు విషయం అమ్మాయితో మాట్లాడమని చెప్పు, ఆమె చెప్పిన రేటును నువ్వు తగ్గించకు. ఒక్కసారి తగ్గించినా ఆ తరువాత ఆమె మాట ఎవరూ వినరు.

కంపెనీ నిబంధనలు, వీలునామా ముసాయిదాలు సిద్ధమయ్యాక నాకు పంపు. చదివి, నాకు తోచిన మార్పులు పక్కన రాసి ఇస్తాను.

నీ మామయ్య