టెక్ సందేహాలు: పాట ఒకటే, స్పీకర్లు మాత్రం తలోదారి

సద్దుల బతుకమ్మ దగ్గరపడుతోందంటే నాకు ఒకే రకం మెయిళ్లు మొదలవుతాయి. స్పీకర్లు పెట్టాం, పాట ఒకటే, కానీ ఒక్కోటి ఒక్కో టైములో పాడుతోంది, ఏం చెయ్యాలి అని. ఒకరికి జవాబిస్తే అందరికీ సరిపోతుంది కాబట్టి వాటిలో ఒక ఉత్తరమే తీసుకుంటున్నా. ఆ తర్వాత ఇంకో రెండు వేరే ప్రశ్నలు.

ప్రశ్న: హన్మకొండలో మా అపార్ట్‌మెంట్ ముందు బతుకమ్మ ఆడతాం. ల్యాప్‌టాప్‌లో స్నాప్‌కాస్ట్ (ఒకే పాటను చాలా పరికరాల్లో ఒకేసారి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టి, వైఫై మీద మూడు పాత ఫోన్లకు పాట పంపిస్తున్నాం. రెండు ఫోన్లకు వైరు స్పీకర్లు, ఒకదానికి బ్లూటూత్ స్పీకర్. బ్లూటూత్‌ది వెనకబడుతోంది. బఫర్, అంటే పాటను వినిపించే ముందు ఆపి ఉంచే సమయం, 1000 మిల్లీ సెకన్ల నుంచి 400కి తగ్గించాం. అది ఇంకా వెనకే ఉంది, పైగా మిగతా రెండూ టక్కు టక్కుమని తెగుతున్నాయి.

ఆ బఫర్‌ను ముందు మళ్లీ 1000కి పెట్టండి. 1000 అంటే ఒక సెకను. ఫైల్లో ఉన్న పాట ప్లే నొక్కిన సెకను తర్వాత మొదలైతే ఎవరికి నష్టం? ఆలస్యం ఎంతైనా పర్లేదు, అన్నింటికీ ఒకే ఆలస్యం ఉంటే చాలు. సర్వర్, అంటే మీ ల్యాప్‌టాప్, పాటను ముక్కలు చేసి ఒక్కో ముక్క మీద టైము వేసి పంపుతుంది, ఫోన్లు తమ గడియారాన్ని సర్వర్‌తో సరిచూసుకుని, ఆ టైముకు బఫర్ కలిపి అప్పుడు వినిపిస్తాయి. ఈలోగా వైఫైలో ఏ ముక్కైనా పోతే మళ్లీ తెప్పించుకోవడానికి ఆ సెకనే ఆసరా. పండగపూట వంద మంది జేబుల్లో వంద ఫోన్లు, చుట్టుపక్కల ఇళ్ల రూటర్లు, మీ బ్లూటూత్ కూడా ఎక్కువగా అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో కొట్టుకుంటుంటే 400తో నెట్టుకురావడం కష్టం.

కొందరైతే యాప్ కూడా ఎందుకని, ఒకటీ రెండూ మూడూ అని అందరూ ఒకేసారి ప్లే నొక్కుతారు. మొదటి పాటకు కుదిరినట్టే ఉంటుంది. కానీ ఏ రెండు పరికరాల గడియారాలూ ఒక్కలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉన్నా గంటకు 180 మిల్లీ సెకన్లు దూరం జరుగుతాయి. గంటసేపటి పాటలన్నీ ఒకే ఫైల్లో కలిపి పెట్టుకునే మన అలవాటుకి ఇది తగిన శిక్షే. స్నాప్‌కాస్ట్ లాంటివి మధ్యమధ్యలో ఒక్కో శాంపిల్‌ను (శబ్దంలో అతి చిన్న తునకను) వదిలేస్తూనో కలుపుతూనో దాన్ని సర్దుతాయి, మీ చెవికి తెలియదు.

ఇక ఆ బ్లూటూత్ స్పీకర్. ఫోన్ శబ్దాన్ని అప్పగించాక స్పీకర్ దాన్ని విప్పి వినిపించడానికి సుమారు 150 నుంచి 250 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది, దాని మీద యాప్‌కు పట్టు ఉండదు. నిమిషానికి 100 దరువుల పాటలో దరువుకు దరువుకు మధ్య 600 మిల్లీ సెకన్లే కాబట్టి 250 అంటే దాదాపు సగం దరువు. ఇటు పక్కన ఉయ్యాలో అయిపోయాక అటు పక్క నుంచి ఇంకో ఉయ్యాలో, చప్పట్లు దేనికి కొట్టాలో తెలియక మధ్యలో ఉన్నవాళ్లు చేతులు ఆపేస్తారు. స్నాప్‌కాస్ట్‌లో ప్రతి క్లయింట్‌కూ (పాట అందుకునే ఒక్కో ఫోన్‌కూ) విడిగా లేటెన్సీ, అంటే ఆలస్యం, అంకె ఇవ్వొచ్చు. ఆ ఫోన్‌కు 200 ఇస్తే అది అంత ముందుగా పాటను వదులుతుంది. చప్పట్ల శబ్దం ఒకటి రికార్డు చేసి ప్లే చేస్తూ, రెండూ ఒకటే చప్పుడుగా వినపడేదాకా పదేసి చొప్పున మార్చండి. పాటలో సుమారు 30 మిల్లీ సెకన్ల లోపు తేడాను చెవి ఒకే శబ్దంగా కలిపేసుకుంటుంది, అంతకంటే సన్నగా చెక్కుతూ కూర్చోనక్కర్లేదు. బ్లూటూత్ తెగి మళ్లీ కలిస్తే అంకె కొంచెం మారొచ్చు, అదొక తలనొప్పి.

ఇంతా చేసి స్పీకర్లను స్థలానికి చెరో చివర పెడితే మళ్లీ మొదటికొస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే వెళ్తుంది, 34 మీటర్లు దాటడానికి 100 మిల్లీ సెకన్లు పడుతుంది. దీనికి ఏ సెట్టింగూ లేదు. స్పీకర్లను బతుకమ్మల దగ్గరికే తెచ్చి పెట్టండి. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పాటను మైకులో పాడేట్టయితే ఈ వైఫై ఏర్పాటే వద్దు, తన గొంతు సెకను తర్వాత తనకే వినపడితే ఎవరూ పాడలేరు. మైకు, ఆంప్లిఫయరు, వైరు. అంతే.

ప్రశ్న: అన్నా, కాజీపేటలో ఇంజినీరింగ్ చదువుతున్నా. హాస్టల్ రూంలో నా డెస్క్‌టాప్‌కు మంచి స్పీకర్లున్నాయి. ఫ్రెండ్స్ ల్యాప్‌టాప్‌ల నుంచి కూడా దానికే సౌండ్ పంపేలా పల్స్ఆడియోలో (లినక్స్‌లో శబ్దాన్ని నడిపే సౌండ్ సర్వర్‌లో) నెట్‌వర్క్ నుంచి శబ్దం అందుకునే టీసీపీ మాడ్యూల్ పెట్టా. ఊరికే ఎర్రర్ వస్తోందని, ఎవరో అడక్కుండానే రానిచ్చే అనానిమస్ ఆప్షన్ 1 చేశా. పాటలు ఓకే, సినిమాలో మాత్రం మాట వెనకొస్తోంది.

మాట సంగతి ఒక్క ముక్కలో చెప్తా తమ్ముడూ. వీఎల్‌సీలో జె మీట ఒక్కో నొక్కుకు 50 మిల్లీ సెకన్లు ధ్వనిని ముందుకు తెస్తుంది, కె వెనక్కి నెడుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం మాట 125 మిల్లీ సెకన్లు వెనకబడేదాకా మనిషి పసిగట్టడు, కానీ 45 ముందొస్తే పట్టేస్తాడు. కాబట్టి కొంచెం వెనకే ఉంచుకో.

నన్ను భయపెట్టింది ఆ అనానిమస్ ఆప్షన్. నువ్వు స్పీకర్ తలుపు తెరిచానని అనుకుంటున్నావు, నువ్వు తెరిచింది మొత్తం సౌండ్ సర్వర్‌ని. దానికి కనెక్ట్ అయినవాళ్లు పాట పంపడమే కాదు, నీ డెస్క్‌టాప్ మైకును రికార్డు చేసుకోవచ్చు, కొత్త మాడ్యూళ్లు కూడా ఎక్కించొచ్చు. హాస్టల్ వైఫైలో ఆ 4713 పోర్టు (సౌండ్ సర్వర్ కనెక్షన్లు తీసుకునే ద్వారం) అందేవాళ్లందరికీ ఈ సౌకర్యం ఉచితం. రాత్రి మీ నలుగురి ముచ్చట్లు పక్క బ్లాక్‌లో ఎవడో వింటుంటాడు, నీ తెరమీద చిన్న గుర్తు కూడా సరిగ్గా కనపడకపోవచ్చు. పైగా ఆ దారిలో వెళ్లే శబ్దానికి ఎన్‌క్రిప్షన్ లేదు. ల్యాప్‌టాప్ సౌండ్ అంతా అటే మళ్లించి ఉంటే, నీ ఫ్రెండ్ ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో అవతలివాళ్లు అడిగే ప్రశ్నలు కూడా బహిరంగంగా ఆ వైఫై మీదే పోతాయి.

ఈ రాత్రే ఆ ఆప్షన్ తీసెయ్. ఎర్రర్ వచ్చింది నిన్ను సతాయించడానికి కాదు, ల్యాప్‌టాప్‌లో కుకీ ఫైలు, అంటే సర్వర్‌కు చూపాల్సిన రహస్య తాళంచెవి, లేదని చెప్పడానికి. ఆ ఫైలును డెస్క్‌టాప్ నుంచి కాపీ చేసుకుంటే పనైపోతుంది. ఇంకా గట్టిగా కావాలంటే పోర్టును బయటికి చూపించకుండా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లో (ఎన్‌క్రిప్షన్ ఉన్న దారిలో) పంపు. మైకు అవసరం లేకపోతే దాని వైరే పీకెయ్. ఒకే ఊపిరిలో ఈ ఆప్షన్ పెట్టేయమని, దానివల్ల ఏమవుతుందో చెప్పకుండా ఊరంతా సలహాలిచ్చేవాళ్లను ఏమనాలో నాకు అర్థం కాదు.

ఫోన్లలో కలిసి వినే యాప్‌లూ ఇంతకంటే బుద్ధిమంతులేం కావు. స్పీకర్లను సరిచూడ్డానికి బీప్ వినాలని మైకు అడిగితే ఒక అర్థం ఉంది, ఆ ఒక్కసారికే ఇచ్చి తర్వాత తీసెయ్యొచ్చు. కాంటాక్టులెందుకు? ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ పరికరాలు వెతకడానికి విడిగా ఒక అనుమతి ఉండగా ఇంకా లొకేషన్ దేనికి? ఒకే గదిలో, ఒకే అరలో పక్కపక్కన ఉన్న రెండు స్పీకర్లను జత కలపడానికి అకౌంటు తెరవాలి, ఓటీపీ చెప్పాలి, నెట్ ఉండాలి. ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్ మనం చెవులు రిక్కించి కుదుర్చుకున్న ఆలస్యం అంకెను సున్నా చేసి పోతుంది. కొన్నింట్లో అంకె కూడా ఉండదు, ఇటు తక్కువ అటు ఎక్కువ అని ఒక గీత గీసి వదిలేస్తారు. ఎంత తక్కువ, ఎవరికి ఎక్కువ? పండగకు వారం ముందు నుంచి ఆటో అప్‌డేట్ ఆపేసుకోండి, అంకెలు కాగితం మీద రాసి స్పీకర్ వెనక అంటించండి.

ప్రశ్న: జగిత్యాల నుంచి ఒక అమ్మ. మా పాప ఫోన్లో పియానో యాప్‌తో నేర్చుకుంటోంది, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కొనిచ్చాం. మీట నొక్కాక కాసేపటికి మోగుతోంది, పాప తాళం తప్పుతోంది. వీడియోలకు ఈ ఇబ్బంది లేదు, మరి దీనికెందుకు?

వీడియోలో ఆ ఆలస్యాన్ని లెక్కేసి ప్లేయరు బొమ్మను కూడా అంతే ఆపుతుంది, అందుకే మీకు తెలియడం లేదు. పియానోలో ఆపాల్సింది పాప వేలిని, అది ఏ సాఫ్ట్‌వేర్ వల్లా కాదు. వైరు ఇయర్‌ఫోన్స్ కొనండి, ఫోన్‌కు గుండ్రటి సాకెట్ తీసేసి ఉంటే టైప్-సి వైరువి దొరుకుతాయి. అవి వచ్చేలోగా బ్లూటూత్ ఆఫ్ చేసి ఫోన్ స్పీకర్ మీదే వాయించమనండి, తాళం తప్పుతున్నది పాపో ఇయర్‌బడ్సో అప్పుడే తేలిపోతుంది.